ఇఖామా: ప్రవాస నివాసానుమతి - దాని లాభనష్టములు

ఖమ్మము నుండి బయలుదేరి, భద్రాచలము వద్ద గోదావరిని దాటి, అడవి దారిన చింతూరు మీదుగా సాగినచో ఛత్తీస్‌గఢ్‌లోని కుంట చేరుదుము. ఈ కొద్దిపాటి ప్రయాణములో మూడు రాష్ట్రముల నేలను త్రొక్కుదుము. కుంటలో ఇల్లు అద్దెకు తీసికొని స్థిరపడదలచినను నివాసానుమతి కొరకు ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు. భారతదేశమున ఎచ్చటనైనను నివసించు స్వేచ్ఛను రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరులకు ప్రసాదించినది. కాని హైదరాబాదులో విమానమెక్కి జిద్దాలో దిగినవానికి ఆ స్వేచ్ఛ లేదు. అచ్చట నివాసము హక్కు కాదు, గడువు గల అనుమతి మాత్రమే. మన జిల్లాల యువకులు పలువురు గల్ఫు వైపు చూచుచున్న ఈ కాలమున, ఆ అనుమతి వలన కలుగు లాభమెంత, దానికి చెల్లింపవలసిన వెల యెంత అను విషయమును విచారింపదలచితిమి.

సౌదీ అరేబియాలో ఈ అనుమతిని ‘ఇఖామా’ అందురు. నిలుచుట, నివసించుట అను అర్థములు గల అరబ్బీ ధాతువు నుండి ఈ పదము పుట్టినది. ఉర్దూ చదివిన మన సోదర విద్యార్థులకు ఇది క్రొత్త మాట కాదు. ఉద్యోగమునకై వచ్చినవానికి యజమాని, అనగా ‘కఫీలు’, పూచీపడగా ప్రభుత్వము దీనిని జారీ చేయును.

ముందుగా లాభములను చూతము. ఇఖామా చేతనున్నవాడు చట్టబద్ధ నివాసి. అతడు బ్యాంకు ఖాతా తెరువవచ్చును. జీతమును సక్రమమైన మార్గమున ఇంటికి పంపవచ్చును. వాహనము నడపుటకు లైసెన్సు పొందవచ్చును. ఆరోగ్య బీమాతో వైద్యము చేయించుకొనవచ్చును. నియమములకు లోబడి భార్యాబిడ్డలను రప్పించుకొనవచ్చును. జీతము రానప్పుడు కార్మిక న్యాయస్థానము మెట్లెక్కుటకును ఈ పత్రమే ఆధారము. అది లేనివాడు ఎంత కష్టించినను దొరవలె తిరుగజాలడు, దొంగవలె దాగవలసినదే.

ఇక వ్యయము. అచ్చటి కార్మిక చట్టములోని 40వ అధికరణము ప్రకారము ఉద్యోగి యొక్క ఇఖామా రుసుమును, దాని పునరుద్ధరణ వ్యయమును భరింపవలసినవాడు యజమాని. ఈ సంగతి తెలియక ఆ సొమ్మును తమ జీతము నుండి కోయించుకొనువారు కలరు. కుటుంబసభ్యుల రుసుము మాత్రము ఉద్యోగిపైననే పడును. 2017 జులైలో ఈ రుసుము తలకు నెలకు 100 రియాళ్లుగా ప్రారంభమై, ఏటేటా నూరు చొప్పున పెరిగి, 2020 జులై నాటికి 400 రియాళ్లైనది. భార్య, ఇద్దరు బిడ్డలు గల ఉద్యోగిని ఉదాహరణముగా తీసికొందము. మొదటి సంవత్సరము అతడు చెల్లించినది 3,600 రియాళ్లు. 400 చొప్పున లెక్కించినచో ఏటికి 14,400 రియాళ్లు. నెలకు 4,000 రియాళ్ల జీతగానికి ఇది మూడున్నర నెలల జీతమునకు మించిన మొత్తము. ఈ భారము మోయలేక అనేకులు తమ కుటుంబములను హైదరాబాదుకు, ఇతర పట్టణములకు తిరిగి పంపివేసిరి. పత్రము మిగిలినది, సంసారము రెండు ముక్కలైనది.

రియాళ్లలో లెక్కకు రాని వ్యయము మరియొకటి కలదు. అది పరాధీనత. ఉద్యోగి పనికి రాకుండ పారిపోయెనని యజమాని ఫిర్యాదు చేసినచో, దానినే ‘హురూబ్’ అందురు, అతని నివాసము చట్టవిరుద్ధమగు ప్రమాదము కలదు. 2013లో సౌదీ ప్రభుత్వము పత్రములు సరిచేసికొనుటకు గడువు నొసగినప్పుడు లక్షకు పైగా భారతీయులు స్వదేశమునకు మరలివచ్చిరి. 2021 మార్చిలో అమలునకు వచ్చిన సంస్కరణల వలన, ఒక సంవత్సరము పనిచేసిన పిమ్మట కొన్ని నియమములకు లోబడి యజమాని సమ్మతి లేకయే ఉద్యోగము మారుటకు వీలు కలిగినది. అయినను ఇండ్లలో పనిచేయువారికి ఆ సంస్కరణలు వర్తింపలేదు.

కఫీలు లేని నివాసము కూడ లేకపోలేదు. 2019లో సౌదీ ప్రభుత్వము ప్రవేశపెట్టిన ప్రత్యేక నివాస పథకమున కాలపరిమితి లేని అనుమతికి 8 లక్షల రియాళ్లు, ఏడాది అనుమతికి లక్ష రియాళ్లు వెలగా నిర్ణయించిరి. స్వేచ్ఛ యొక్క ఖరీదెంతయో దీనివలన తెలియగలదు. ధనికుడు దానిని రొక్కముతో కొనును. పేదవాడు దానిని విడిచిపెట్టి జీతమును కొనును.

విద్యార్థులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. మన దేశపు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు ఉద్యోగమునకై పోవునప్పుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అను అధికారి అనుమతి పొందవలెను. పదవ తరగతి ఉత్తీర్ణులైన మీకు ఆ నిర్బంధము లేదు. ఇది గౌరవమే. కాని ఆ నిర్బంధముతో పాటు, మీ ఒప్పందమును ముందుగా పరిశీలించు అధికారి కన్నును తొలగిపోవును. చదువురానివానికి ప్రభుత్వము కాపలా. చదివినవానికి అతని చదువే కాపలా. కావున ఏజెంటునకు ప్రభుత్వ నమోదు కలదా యని విచారింపుడు. అట్టి ఏజెంటు తీసికొనదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే. ఇఖామా వ్యయము ఎవరిదో ఒప్పందమున వ్రాయించుకొనుడు. పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకొనుట చట్టసమ్మతము కాదని మరువకుడు.

పోవలదని చెప్పుట మా ఉద్దేశము కాదు. గల్ఫు సంపాదన వలన తెలుగునాట ఎన్నో ఇండ్లు లేచినవి, ఎందరో చెల్లెండ్ర వివాహములు జరిగినవి, ఎందరో తమ్ముల చదువులు సాగినవి. మేము కోరునది ఒక్కటే. సంపాదింపబోవు జీతమును లెక్కించు కాగితముపైననే, అచ్చట నిలుచుటకు చెల్లింపవలసిన వెలను కూడ వ్రాసికొనుడు. ఆ రెండవ అంకెను అప్పుచేసి విమానమెక్కిన పిదప గాక, ఇంటిలో తల్లిదండ్రుల ఎదుట కూర్చుండియే వేసికొనుడు.