దళిత పిల్లల చదువు - డిజిటల్ పరికరాలు: కృష్ణా డెల్టా అనుభవం

పల్లెల్లో ఇప్పుడు ఫోన్ లేని ఇల్లు తక్కువ. దాన్ని చూపించి "ఇంకా మీకు తేడా ఎక్కడుంది?" అని అడిగేవాళ్లు పెరిగారు. మన కార్యకర్తల్లోనూ కొందరు ఈ మాట నమ్ముతున్నారు. అందుకే ఈ విషయాన్ని విడదీసి చూడాల్సి ఉంది. పరికరం ఇంట్లో ఉండడం ఒకటి. అది పిల్లల చేతికి రావడం ఇంకొకటి. దాంతో చదువుకోగలగడం మరొకటి. ఆ చదువు పరీక్ష దగ్గర, ఉద్యోగం దగ్గర అక్కరకు రావడం వేరే సంగతి. ఈ నాలుగు మెట్లలో మొదటి మెట్టు చాలామందిమి ఎక్కాం. మిగతా మూడింటి గురించే ఈ వ్యాసం.

కాలువ నేర్పిన సంగతి

కృష్ణా డెల్టా వాళ్లకి ఇది అర్థం కావడం కష్టం కాదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువలు మాలపల్లెల పక్కనుంచీ మాదిగగూడేల పక్కనుంచీ కూడా పారాయి. కానీ కాలువ నీళ్లు పారేది పొలానికి. పొలం లేనివాడికి కాలువ వల్ల దక్కింది కూలి. రెండు పంటల డబ్బు భూమి ఉన్న కులాల చేతిలో రైసు మిల్లులైంది, సినిమా హాళ్లైంది, ఆ తర్వాత విజయవాడ చుట్టూ కార్పొరేట్ కాలేజీలైంది.

ఇంటర్నెట్ కూడా అలాంటి కాలువే. దీనికీ పొలం కావాలి. ఇక్కడ పొలం అంటే కూర్చోడానికి ఒక గది, కాస్త తీరిక, సొంత పరికరం, డౌటొస్తే చెప్పే చదువుకున్న మనిషి. మొదటి తరం చదువుకునే ఇంట్లో ఈ నాలుగూ ఉండవు. చార్జింగ్ పెట్టే ప్లగ్గు ఉన్నా, దాని పక్కన కూర్చునే చోటు ఉండదు.

2020 ఏం చెప్పింది?

మార్చి 2020లో బడులు మూతపడ్డాయి. అంతకు ముందే, 2017-18లో, జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్క తీసింది. దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ అందేవి 14.9 శాతం. పట్టణాల్లో అవి 23.4, 42 శాతం. ఈ లెక్క చేతిలో ఉండగానే చదువు ఆన్‌లైన్‌కి మారింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడి పిల్లలకి దూరదర్శన్‌లో పాఠాలు వేశారు. టీవీ ప్రశ్న అడగనివ్వదు, వెనక్కి తిప్పి చెప్పదు. కార్పొరేట్ కాలేజీ పిల్లలకి అదే కాలంలో లైవ్ క్లాసులూ వారం వారం పరీక్షలూ నడిచాయి. 9, 10 తరగతులకి మళ్లీ బడి తెరిచింది నవంబర్ 2న. ఈలోగా పల్లెల్లో పెద్దవాళ్ల వెంట నాట్లకీ కలుపుకీ వెళ్లిన పిల్లలకి పోయిన చదువు ఎవరి లెక్కలోకీ రాలేదు.

యడ్లపల్లి ట్యాబులు

డిసెంబర్ 21, 2022న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి బాపట్ల జిల్లా యడ్లపల్లిలో 8వ తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. విద్యార్థులకీ ఉపాధ్యాయులకీ కలిపి 5 లక్షలకు పైగా ఇచ్చారు. 2023లో రెండో విడత పంచారు. యడ్లపల్లి చుండూరు మండలంలోది. చుండూరులో చదువుకున్న దళిత యువకుడి కాలు సినిమా హాల్లో అగ్రకులం వాళ్లకి తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి, ఆగస్టు 6, 1991న 8 మంది దళితుల్ని నరికి చంపేదాకా పోయింది. దళితుల చదువు మీద ఆ గడ్డ మీద అంత కోపం ఉండేది. అక్కడే పేద పిల్లల చేతికి ట్యాబు రావడాన్ని చిన్నచూపు చూడకూడదు. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ బిల్లు లేకుండా చూడొచ్చు. ఇది మంచి ఏర్పాటే.

కానీ ఆ పాఠాలు ఎవరివి? బైజూస్ అనే కంపెనీవి. జులై 2024లో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యపుస్తకాన్ని ప్రభుత్వం అచ్చు వేస్తుంది, అది జనం ఆస్తి. ట్యాబులోని పాఠం మాత్రం కంపెనీ ఆస్తి. కంపెనీ కూలితే ఆ పాఠాల్ని ఎవరు సరిచెయ్యాలి, సిలబస్ మారితే ఎవరు మార్చాలి? అద్దం పగిలితే బాగుచేయించేది ఎవరు? కూలికి వెళ్లే తల్లికి ఆ బాగు ఖర్చు రెండు మూడు రోజుల కూలి. పరికరం పంచినవాళ్లు ఈ ప్రశ్నలకి కూడా జవాబు పంచాలి.

ఫోన్ ఎవరిది?

2023 ఏసర్ సర్వే 14-18 ఏళ్ల గ్రామీణ పిల్లల్ని అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు 43.7 శాతం, ఆడపిల్లలు 19.8 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. దళిత ఆడపిల్లకి కులమూ అడ్డే, ఇంటి పనీ అడ్డే, "ఫోన్ చేతికిస్తే చెడిపోతుంది" అన్న భయమూ అడ్డే. పగలు ఫోన్ నాన్నతో పనికి పోతుంది. రాత్రి అన్నయ్య చేతిలో ఉంటుంది. ఆమెకి మిగిలేది అంట్లు తోమాక ఉన్న సమయం. ఈ విషయంలో మన ఇళ్లలోనే మాట్లాడుకోవాల్సింది ఉంది.

పరీక్ష దగ్గర తేలే తేడా

2017 నుంచి ఎంసెట్ ఆన్‌లైన్‌లో జరుగుతోంది. 2025లో 16,347 టీచర్ పోస్టుల మెగా డిఎస్సీని కూడా కంప్యూటర్ మీదే పెట్టారు. ఫోన్ మీద బొటనవేలు చకచకా ఆడే కుర్రాడికి మౌస్ పట్టుకుంటే చెయ్యి తడబడుతుంది. తెర మీద పెద్ద పేరా చదివి, వెనక ప్రశ్నకి వెళ్లి, టైం చూసుకోవడం అలవాటు మీద వచ్చే పని. కార్పొరేట్ పిల్లలు దాన్ని రెండేళ్లు సాధన చేస్తారు. మనవాళ్లలో చాలామంది మొదటిసారి మౌస్ పట్టేది పరీక్ష గదిలోనే. పోయిన మార్కుల్ని ఆ తర్వాత "ప్రతిభ లేదు" అని లెక్క కడతారు.

దరఖాస్తు కూడా ఒక పరీక్షే. స్కాలర్‌షిప్‌కి జ్ఞానభూమి, ఆధార్, బ్యాంకు లింకు, ఓటీపీ. ఓటీపీ వచ్చే ఫోన్ మిరపకాయ కోతకి వెళ్లిన తండ్రి దగ్గరుంటే పిల్లవాడు నెట్ సెంటర్‌లో ఎదురు చూస్తూ కూర్చోవాలి. జనవరి 30, 2025న మొదలైన "మన మిత్ర" వాట్సాప్ సేవలతో కొన్ని సర్టిఫికెట్లకి తిరుగుడు తగ్గే వీలుంది. కానీ అది వాడడం మన తల్లిదండ్రులకి ఎవరో ఒకరు నేర్పాలి.

ఫోన్ తనంతట తాను ఎవరి పక్షమూ కాదన్న మాటని కూడా జాగ్రత్తగా చూడాలి. అంబేద్కర్ రచనల సంపుటాలు ఈరోజు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. మన కుర్రాళ్లు చదువుతున్నారు, వీడియోలు చేస్తున్నారు. అదే ఫోన్‌లోని వాట్సాప్ గ్రూపుల్లో, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని జనాన్ని పోగేశారు. మే 24, 2022న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. తగలబెట్టింది కొందరు. చదువు ఆగింది ఫోన్ మీద ఆధారపడ్డ పిల్లలందరికీ.

చెయ్యాల్సిన పనులు

ఒకటి: హైస్కూల్ కంప్యూటర్ గదిని సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచమని అడగాలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలోనూ అంతే. పల్లెలో అంబేద్కర్ భవనం ఉంటే పాత కంప్యూటర్లు రెండు పెట్టినా చాలు. మౌస్, కీబోర్డు, మాదిరి పరీక్షలు - ఈ మూడే నేర్పాలి.

రెండు: ఆడపిల్లలకి అక్కడ విడిగా వేళ కేటాయించాలి, పగటిపూటే.

మూడు: ప్రభుత్వ డబ్బుతో తయారైన పాఠాలు జనం ఆస్తిగా ఉండాలనీ, ఏ ఫోన్‌లోనైనా తెరుచుకోవాలనీ ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అడగాలి.

నాలుగు: ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. అందరికీ వర్తించే పథకాల ఖర్చులో మన వాటాని కూడా ఆ ఖాతాలో రాయడం ఉంది. మీ మండలంలో ఆ నిధి నుంచి బడుల డిజిటల్ పనులకి ఎంత పెట్టారు, ఏం కొన్నారు, అందులో ఎన్ని ఇప్పుడు పనిచేస్తున్నాయి అని సమాచార హక్కు కింద అడగండి. విద్యార్థులు ఈ దరఖాస్తు రాయడం నేర్చుకుంటే అదీ చదువే. జవాబు వచ్చాక పల్లెలో అందరి ముందూ చదివి వినిపించండి.