టెలిఫోను ద్వారా రేడియో ప్రసారము – మిక్సరు చేయు పని

1920వ సంవత్సరము నవంబరు 2వ తేదీ రాత్రి, అమెరికాలోని పిట్స్‌బర్గు ప్రాంతమునుండి కె.డి.కె.ఎ. అను రేడియో కేంద్రము అధ్యక్ష ఎన్నికల ఫలితములను ప్రసారము చేసెను. ఆ ఫలితములు ఒక వార్తాపత్రిక కార్యాలయమునుండి టెలిఫోనుమీద కేంద్రమునకు అందుచుండగా, ప్రకటనకర్త వానిని చదివి వినిపించెను. రేడియో ప్రసారముల తొలినాళ్ళనుండియు టెలిఫోను వానికి తోడుగానే ఉన్నదన్నమాట. తరువాత వార్తనే కాక, అది జరుగుచున్న చోటి ధ్వనిని సైతము టెలిఫోను ద్వారా పంపుట అలవాటయ్యెను. ఈ పనికి చేతితో మోసికొనిపోదగిన చిన్న మిక్సరు మిక్కిలి ఉపకరించును.

ఇరుకైన మార్గము

మానవుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనములవరకు గల ధ్వనులను వినగలదు. సాధారణ టెలిఫోను మార్గము 300 మొదలు 3,400 కంపనములవరకు గల వానినే చక్కగా మోయును. మాట అర్థమగుటకు ఇంతమాత్రము చాలును. కాని మృదంగపు లోతైన నాదము, తాళముల గలగల ఇందులో చాలవరకు నశించును. ‘స’ వంటి ఊష్మాక్షరముల శక్తి ఎక్కువభాగము 4,000 కంపనములకు పైన ఉండుటచే, టెలిఫోనులో ‘స’కు ‘ఫ’కు భేదము తెలియక పేర్లు పొరబడుట కలదు. తుపాను వేళ ఒక గ్రామము పేరు తప్పుగా వినబడినచో కలుగు నష్టమెట్టిదో ఊహింపవచ్చును.

సెల్‌ఫోనుకు మరియొక గుణమున్నది. అందలి సంకేత పద్ధతి ముఖ్యముగా మనిషి గొంతును దృష్టిలో నుంచుకొని రూపొందింపబడినది. కనుక వాద్యములను, జనుల కోలాహలమును అది మరింత వికృతము చేయును.

ఏది పంపవలెను?

మార్గమును వెడల్పు చేయుట మిక్సరు వలన కాదు. ఆ మార్గమున ఏది ఎంత పోవలెనో నిర్ణయించుటయే దాని పని. మైక్రోఫోను ఇచ్చు విద్యుత్పీడనము కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. వోల్టులో వెయ్యవ వంతు ఒక మిల్లీవోల్టు. మిక్సరు మొదట దానిని పెంచును. పిదప ఒక్కొక్క మైక్రోఫోనుకు గల మీటను తిప్పినకొలది ఆయా ధ్వనులు హెచ్చుతగ్గులై, చివరకు అన్నియు ఒక్కటిగా కలియును.

భద్రాచలమున శ్రీరామనవమినాడు జరుగు సీతారామ కల్యాణమును ఆకాశవాణి ప్రత్యక్ష వ్యాఖ్యానముతో ప్రసారము చేయుట తెలుగు శ్రోతలకు పరిచితమే. అటువంటి వేడుకను టెలిఫోనుమీద పంపవలసివచ్చెననుకొందము. వ్యాఖ్యాతకు ఒక మైక్రోఫోను, మంగళవాద్యములకు మరియొకటి అమర్చవలెను. మాట సాగునంతసేపు వాద్యమును తగ్గించి, మాట ఆగినప్పుడు పెంచవలెను. రెండును సమానముగా కలిపి పంపినచో, పాలను నీటిని వేరుచేయుటకు కేంద్రమున హంస ఉండవలెను!

వ్యాఖ్యాత మైక్రోఫోను నోటికి దగ్గరగా ఉండుట మేలు. ఆ దూరము రెట్టింపైనచో అతని గొంతునుండి చేరు ధ్వని పీడనము సుమారు సగమగును. చుట్టునున్న కోలాహలము మాత్రము తగ్గదు.

టెలిఫోనుతో కలుపుట

స్థిర టెలిఫోను తీగలపై ఎక్స్ఛేంజినుండి సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు వచ్చుచుండును. కావున మిక్సరును వానికి నేరుగా తగిలింపరాదు. నడుమ ట్రాన్స్‌ఫార్మరు గల పరికరమునుంచినచో, అది ఏకముఖ విద్యుత్తును దాటనీయక, మాటలవలన కలుగు మారుడు విద్యుత్తును మాత్రము దాటించును. సెల్‌ఫోను మైక్రోఫోను ద్వారము మిల్లీవోల్టులకే తగినది. ఒక వోల్టుకు సమీపముగా ఉండు మిక్సరు ధ్వనిని నిరోధకములతో తగ్గించియే దానికి అందీయవలెను. లేనిచో తరంగముల శిఖరములు తెగి, మాట బొంగురుపోవును.

తిరిగి రాకూడని ధ్వని

వ్యాఖ్యాత కేంద్రమువారి మాట వినవలెను గాని, తన మాట తనకు ఆలస్యముగా తిరిగి వినబడరాదు. సెల్‌ఫోను మార్గమున ధ్వని పోయి వచ్చుటకు సెకనులో పదవ వంతుకు మించిన కాలము పట్టవచ్చును. అంత ఆలస్యముగా తన గొంతు చెవినబడినచో ఎంతటి వక్తకైనను నాలుక తడబడును. అందుచే కేంద్రములోని మిక్సరు, ఆ వ్యాఖ్యాత గొంతును మినహాయించి తక్కిన ధ్వనులనే అతనికి పంపవలెను. దీనినే మిక్స్-మైనస్ అందురు.

బయటి మిక్సరుకును ఇదే నియమము. టెలిఫోనునుండి వచ్చు ధ్వని చెవి ఫోనులకు మాత్రమే పోవలెను. అది మరల టెలిఫోనులోనికి పోయినచో ధ్వని చుట్టుతిరిగి, క్షణములో కూతగా పెరిగి, ప్రసారమును ముంచివేయును. ప్రసారమునకు ముందు కేంద్రమువారిని కొంతసేపు మాట్లాడుమని కోరి, వారి గొంతు వారికే తిరిగి వినబడుచున్నదో లేదో అడుగుట ఇందుకు తేలికైన పరీక్ష.

1988లో ఆమోదింపబడిన జి.722 అను సంకేత పద్ధతి 50 మొదలు 7,000 కంపనములవరకు గల ధ్వనులను మోయును. ఇట్టి మార్గము దొరకినచోట ‘స’కారము స్పష్టమగును, వాద్యము కొంత నిండుగా వినబడును. అయినను మాటను ముందుంచుట, తిరుగు ధ్వనిని వేరుచేయుట అను రెండు పనులును మిక్సరు ముందు కూర్చున్నవాని బాధ్యతయే.