ఆట నిలవాలంటే

టెక్సాస్ దక్షిణాన కార్పస్ క్రిస్టీకి పక్కనే రాబ్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. చుట్టూ నల్లనేల, పత్తి చేలు. ఇవాళ ప్రపంచమంతా ఆడుతున్న టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌కు పుట్టిల్లు ఈ ఊరేనని 2007లో టెక్సాస్ చట్టసభ తీర్మానం చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నుంచి వచ్చి డాలస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ స్థిరపడ్డ మనవాళ్ళకు ఈ ఆట ఇట్టే పట్టుబడిందంటే ఆశ్చర్యం లేదు. పత్తి పండే ఊళ్ళలో పనిరోజులు ఎంత కష్టమో, పనిలేని రోజులు అంత పొడుగు. ఆ రోజులు గడవడానికి మన పెద్దలకూ పేకముక్కలే తోడయ్యాయి.

పేకాటలో గెలిచే కిటుకులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పదిమంది స్నేహితులు ఏళ్ళ తరబడి ఒకే ఆట కోసం కలుస్తూ ఉండాలంటే ఏం చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. పరాయి దేశంలో బతుకుతున్న మనకు ఈ రెండోదే ఎక్కువ అవసరం. ఇక్కడ పక్కింటివాడు పలకరించడు, అన్నదమ్ములు తలో రాష్ట్రంలో ఉంటారు. నెలకోసారి తప్పకుండా కలిసే ఆరుగురు మనుషులుంటే అది చిన్న బలం కాదు.

పంటల వెంట ఆట

మన మెట్ట ఊళ్ళలో పేకాట పంటల్ని అనుసరించి నడిచేది. జనవరి నుంచి మిరపకోతలు. కోసిన కాయ కల్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉంటే రాత్రిళ్ళు కాపలా తప్పదు. మంచు పడకుండా పట్టాలు కప్పి, లైటు వెలుతురులో నలుగురు కూర్చుంటే తెల్లవారేదాకా నిద్ర రాకుండా కాసేది పేకే. ప్రకాశంలో పొగాకు బ్యారన్ల దగ్గరా అంతే. ఆకు కాలేదాకా రోజుల తరబడి మంట ఆరకూడదు, వేడి తగ్గకూడదు, మనిషి కునుకు తీయకూడదు. ఇక సంక్రాంతి మూడు రోజులు రామాలయం అరుగులు నిండేవి. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి విడిదింట్లో భోజనాలయ్యాక దుప్పటి పరిచి కట్ట విప్పకపోతే ఆ పెళ్ళికి కళ ఉండేది కాదు.

ఆడేది చాలావరకు పదమూడు ముక్కల రమ్మీ. రెండు కట్టలు కలిపి, పక్కవాడి చేత కోయించి, తలా పదమూడు పంచి, ఒక ముక్క తీసి జోకరుగా కట్ట కింద పెడతారు. జోకరు కలవని సీక్వెన్సు ఒకటి పడేదాకా ఎవరికీ ఊపిరాడదు. ఎదుటివాడు ఏ ముక్క ఎత్తాడో, ఏది వదిలాడో గుర్తుపెట్టుకోవాలి. ఆఠీను ఏడు ఎత్తినవాడికి ఎనిమిదో ఆరో పడేస్తే మనం అతనికి ఆట అప్పజెప్పినట్టే. చేతిలో ముక్కలు బాగాలేకపోతే మొదటే డ్రాప్ కొట్టడం కూడా ఆటలో భాగమే. మూడు ముక్కలాట, కోత ముక్క దీనికి పూర్తిగా వేరు. అక్కడ గుర్తుపెట్టుకోవడానికీ ఆలోచించడానికీ పెద్దగా ఏమీ ఉండదు. పందెం పెంచడమే పని.

ఈ తేడాను సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది, అదీ అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసులోనే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెబుతూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అనీ, పడిన ముక్కల్ని జ్ఞాపకం పెట్టుకుని చేయి కట్టుకోవడానికి నేర్పు కావాలనీ అన్నారు. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టపు ఆటగానే చూశారు. ఆ తీర్పులో మరో ముఖ్యమైన మాట ఉంది. పందెం కాసి ఆడే ఆట నుంచి ఇంటి యజమానో క్లబ్బు యజమానో లాభం తీస్తుంటే అది నేరం కావచ్చు. ఇంట్లో ఆట నిలబెట్టుకోవాలనుకునే ఎవరికైనా దీన్ని మించిన సూత్రం లేదు. ఆట మీద ఎవరూ సంపాదించకూడదు.

ఎకరాలు పోయిన కథ

మన ప్రాంతంలో పేకాట అనగానే ముఖం ముడుచుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. దానికి కారణం ఉంది. కాయ గుంటూరు యార్డుకు తోలి, కమీషన్ కొట్టులో లెక్క తేల్చుకుని, డబ్బు చేతికొచ్చే నెలల్లోనే ఊరి శివారు తోటల్లో పేకాట శిబిరాలు వెలిసేవి. నడిపేవాడు ప్రతి ఆటకూ కమీషన్ తీసుకునేవాడు, అక్కడికక్కడే అప్పూ ఇచ్చేవాడు. రాత్రికి రాత్రి ఎకరం కాగితం చేతులు మారిన ఊళ్ళున్నాయి. పుస్తెలు తాకట్టుకు వెళ్ళిన ఇళ్ళున్నాయి. పేక పేరు చెబితే మన అమ్మలు ఎందుకు భయపడేవారో ఆ ఇళ్ళవాళ్ళకు తెలుసు.

1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతనంతా రాల్చేసింది. అప్పు తెచ్చి విత్తనం వేసి, వానకీ పురుగుకీ ధరకీ తలొగ్గి ఎదురుచూసే సేద్యం కంటే పెద్ద జూదం లేదని మన పెద్దలు అనేది అందుకే. ఏడాది పొడుగునా అంత పందెం కాసిన మనిషికి సాయంత్రం పూట ఇంకో పెద్ద పందెం అక్కర్లేదు. ఉద్యోగం, వీసా, ఇంటి లోను మధ్య నడుస్తున్న మనకూ అంతే. ఆటలో పోయేది మన బతుకును తాకని మొత్తమై ఉండాలి. స్నేహితుల ఆటకు ఇది పునాది. మిగతా కట్టుబాట్లన్నీ దీని మీదే నిలుస్తాయి.

పందెం లెక్క

ముందుగా లెక్క వేసుకోండి. రమ్మీలో ఒక ఆటలో పడగల గరిష్ఠం 80 పాయింట్లు. పాయింటుకు పావలా అనుకుంటే పూర్తిగా మునిగినవాడికి పోయేది 20 రూపాయలు, మొదటే డ్రాప్ కొడితే 20 పాయింట్లకు 5 రూపాయలు, మధ్యలో డ్రాప్ అయితే 40కి 10 రూపాయలు. అమెరికాలో పాయింటుకు 5 సెంట్లు పెడితే ఒక ఆటలో గరిష్ఠ నష్టం 4 డాలర్లు. ఒక రాత్రి అతి దురదృష్టంగా ఆడినవాడు మొత్తం ఎంత పోగొట్టుకోగలడో చూడండి. అది ఇంటిల్లిపాదీ ఒకసారి హోటల్లో భోంచేసిన ఖర్చు దాటిందంటే పందెం ఎక్కువైనట్టే.

అంతకంటే నిశ్చింతైన పద్ధతి పూల్. అందరూ ఒకే మొత్తం వేసి మొదలుపెడతారు. 201 పాయింట్లు చేరినవాడు బయటికి, చివరికి మిగిలినవాడిది పూల్. మొదటి డ్రాప్‌కు 25, మధ్య డ్రాప్‌కు 50. తొందరగా అవుటైనవాడు మళ్ళీ చేరాలంటే, మిగిలినవాళ్ళలో ఎవరి స్కోరూ 174 దాటి ఉండకూడదు. చేరేటప్పుడు అందరికంటే ఎక్కువ స్కోరున్నవాడికి ఒకటి కలిపి ఆ అంకెతో మొదలుపెడతాడు. మళ్ళీ చేరడం ఒక్కసారికే పరిమితం చేస్తే ఆ రాత్రికి ఎవరి జేబులోంచి ఎంత పోగలదో ఆట మొదలయ్యే ముందే అందరికీ తెలిసిపోతుంది.

పోకర్‌కూ ఇదే వర్తిస్తుంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ఆన్‌లైన్ పోటీలో గెలిచి లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌కు వెళ్ళి 25 లక్షల డాలర్లు పట్టుకొచ్చాక అమెరికాలో ఇంటింటా పోకర్ బల్లలు వెలిశాయి. అప్పటికే సాఫ్ట్‌వేర్ పనుల మీద వచ్చి ఉన్న మన కుర్రాళ్ళూ నేర్చుకున్నారు. క్యాష్ గేమ్‌లో జేబు ఖాళీ అయినకొద్దీ చిప్స్ కొంటూ పోవచ్చు. స్నేహాలకు దెబ్బ తగిలేది అక్కడే. దానికి బదులు చిన్న టోర్నమెంటు పెట్టుకోండి. ఎనిమిదిమంది తలా 20 డాలర్లు వేస్తే 160. మొదటివాడికి 100, రెండోవాడికి 40, మూడోవాడికి వేసిన 20 వెనక్కి. ఎవరికీ 20 మించి పోదు, ఆట ఉత్సాహం రవ్వంత కూడా తగ్గదు.

రోజు, కుర్చీ, వంటిల్లు

‘ఎప్పుడు కుదిరితే అప్పుడు’ అనుకున్న ఆట మూడో నెలకే ఆగిపోతుంది. నెలలో రెండో శనివారమో మూడో శుక్రవారమో ఖాయం చేసి మార్చకండి. ఇద్దరు రాకపోయినా ఆడండి. ఆట జరుగుతుందన్న నమ్మకం ఉంటేనే మనుషులు ఆ రోజును ఖాళీగా ఉంచుకుంటారు. రమ్మీకి ఆరుగురు చాలు. రెండు కట్టల్లో 78 ముక్కలు చేతుల్లోకి పోయినా ఎత్తడానికి తగినన్ని మిగులుతాయి. ఆరుగురు రావాలంటే పిలుపుల జాబితాలో తొమ్మిదిమందైనా ఉండాలి.

ముగింపు వేళ కూడా ముందే చెప్పాలి. ‘పదకొండున్నరకు ఆఖరి పంపకం’ అంటే ఆఖరి పంపకమే. ఓడుతున్నవాడు ‘ఇంకొక్క ఆట రా’ అన్నప్పుడు గెలుస్తున్నవాడు మొహమాటపడి కూర్చోవడంతోనే తెల్లవారుజాములు మొదలవుతాయి, ఇంట్లో అలకలూ మొదలవుతాయి.

ఇల్లు వంతులవారీగా మారాలి. అలా మారినా వంట భారం ఆ ఇంటి ఆడవాళ్ళ మీదే పడితే ఆట ఎక్కువ కాలం సాగదు. వచ్చేవాళ్ళు తలా ఒకటి తేవచ్చు, లేదా ఆడేవాళ్ళే వండవచ్చు. మిరపకాయ బజ్జీలు వేయడం గుంటూరువాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆడవాళ్ళకు వంటింటికి బదులు బల్ల దగ్గర కుర్చీ వేయండి. ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో మన వదినలూ అత్తలూ ఎవరికీ తీసిపోరు. ఇంటిల్లిపాదీ ఇష్టపడే ఆటకే ఆయుష్షు.

తగాదా రాకముందే

ఆటలో మాటామాటా పెరిగేది చిన్న విషయాల మీదే. కింద పెట్టిన ముక్క మీద నుంచి చెయ్యి తీశాక వెనక్కి తీసుకోవచ్చా? తప్పు షో కొట్టినవాడికి పూర్తి 80 వేయాలా? పంచేటప్పుడు ముక్క తెరుచుకుంటే మళ్ళీ పంచాలా? వీటికి జవాబులు ఆట వేడి మీద వెతకకూడదు. ఒక పేజీ మీద రాసి స్కోరు పుస్తకం మొదట్లో అంటించండి. ‘పుస్తకంలో ఉంది బావా’ అంటే బావకు కోపం రాదు. అదే ‘నువ్వు తప్పు బావా’ అంటే వస్తుంది.

అప్పు మాత్రం వద్దు. బల్ల దగ్గర ఒకరికొకరు అప్పిచ్చుకోకూడదు, లెక్క రేపటికి ఉంచకూడదు. లేచే ముందే పుస్తకం చూసి ఇచ్చిపుచ్చుకోవాలి. వరుసగా ఓడుతూ మౌనంగా ఉంటున్న స్నేహితుడు ఉంటే పందెం తగ్గించండి, లేదా కొన్నాళ్ళు పందెం లేకుండానే ఆడండి. అతని ఇబ్బంది అందరిముందూ అడగకండి, కారు దాకా నడిచి వెళ్ళి విడిగా అడగండి.

చట్టం కూడా తెలుసుకుని ఉండాలి. టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో ఆడుతూ, గెలుపు తప్ప మరే ఆదాయమూ ఎవరికీ లేకుండా, అందరికీ గెలుపోటముల అవకాశం సమానంగా ఉంటే చట్టం రక్షణ ఇస్తుంది. ఇంటి ఖర్చని చెప్పి ప్రతి పందెంలోంచీ కొంత తీశారంటే ఆ రక్షణ పోతుంది. మిగతా రాష్ట్రాల నిబంధనలు వేరు. మీ రాష్ట్రంలోవి చదువుకోండి. మన వైపు ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడే రమ్మీ, పోకర్లను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఫోనులో ఒంటరిగా, ముఖం తెలియని మనుషులతో ఆడి జీతాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళను చూశాక ఆ నిషేధాలు ఎందుకు అవసరమయ్యాయో అర్థమవుతుంది. ఫోనులో ‘ఇక చాల్లేరా, లే’ అనే స్నేహితుడు ఉండడు. బల్ల దగ్గర ఉంటాడు.

పెద్దల కుర్చీ

ప్రతి వేసవిలో మన ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు వస్తారు. ఆరు నెలల బస, పగలంతా మూసిన తలుపులు, మాట్లాడే దిక్కులేని వీధులు. నరసరావుపేటలోనో పర్చూరులోనో అరుగు మీద రోజూ పదిమందితో కూర్చున్న పెద్దమనిషికి ఇది శిక్ష. ఆయన్ని ఆటకు తీసుకురండి. పోకర్ రాకపోతే ఆ పూట రమ్మీ ఆడండి. ఆయన జోకరు ఎలా దాచుకుంటాడో, ఎప్పుడు డ్రాప్ కొడతాడో చూడండి. ఏ సంవత్సరం కాయ ఎంతకు అమ్మాడో, ఏ తెగులుకు చేను దున్నేశాడో ముక్కలు సర్దుకుంటూ ఆయనే చెబుతాడు. ఆ మాటలు మన పిల్లల చెవిన పడాలి.

ఇదంతా చేయడానికి కావలసింది రెండు కట్టలు, ఒక స్కోరు పుస్తకం, మాట మీద నిలబడే ఒక మనిషి. ఆ మనిషి మీరే కండి. వచ్చే నెలకు తేదీ ఖాయం చేసి, తొమ్మిదిమందికి కబురు పంపండి. వాళ్ళలో ఒకరు ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, ఇంకా ఎవరూ పరిచయం కానివాళ్ళు అయ్యుండాలి.