ఉమ్మనీటిలో ఊపిరి కబురు

భిలాయి స్టీల్ ప్లాంటు ల్యాబులో ఉక్కులోని భాస్వరం కొలిచి రిటైరైన పాఠకుడొకరు అడిగారు: ‘‘మా అమ్మాయికి ఏడో నెల. ఉమ్మనీరు పరీక్షిస్తే బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యాయో లేదో తెలుస్తుందట, నిజమేనా?’’ నిజమే. పైగా ఆయన ఉద్యోగానికీ దీనికీ చుట్టరికం కూడా ఉంది.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తుల నిండా ఉండేది అవే ఊరించుకున్న ద్రవం. అది గొంతు దాటి వచ్చి ఉమ్మనీటిలో కలుస్తుంది. దాంతోపాటు సర్ఫాక్టెంటూ వస్తుంది. ఇది లేకపోతే తడి వాయుకోశాలు తలతన్యతకి లొంగి, ఊపిరి వదిలినప్పుడల్లా ముడుచుకుపోతాయి.

సర్ఫాక్టెంటులో ముఖ్యమైనది లెసిథిన్. దాని తయారీలో ఒక ఘట్టమంటే నాకు ప్రాణం. ఫాస్ఫాటిడిక్ ఆమ్లమనే కొవ్వు అణువుకి తలమీద ఒక ఫాస్ఫేట్ ఉంటుంది. ఫాస్ఫాటిడేట్ ఫాస్ఫోహైడ్రోలేజ్ అనే ఎంజైమ్ దాన్ని తెగ్గొడుతుంది. ఆ ఖాళీలోకి కోలిన్ వస్తుంది, మళ్లీ ఇంకో ఫాస్ఫేట్‌ని వెంటబెట్టుకుని! ఉన్నది పీకి అలాంటిదే తగిలించడం దండగ పనిలా ఉంటుంది గానీ, ఈ కోత పడకపోతే ఈ దారిలో లెసిథిన్ పుట్టదు. 1970లలో డల్లాస్‌లో జిమెనెజ్, జాన్‌స్టన్ బృందం ఈ ఎంజైమ్‌ని ఉమ్మనీటిలోనే కొలిచింది. లూయిస్ గ్లక్ 1971లో చెప్పిన లెసిథిన్-స్ఫింగోమైలిన్ నిష్పత్తి (2 దాటితే ఊపిరితిత్తులు సిద్ధమని లెక్క) పెరిగే రోజుల్లోనే ఇదీ పెరుగుతుంది.

లెసిథిన్ ఎంతుందో తేల్చాలంటే అందులోని భాస్వరం కొలవచ్చు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి ఇచ్చిన పద్ధతి దీనికి మూలం: భాస్వరం ఎంతుంటే మాలిబ్డేట్ నీలం అంత చిక్కన. ఉక్కు ల్యాబుల వాళ్లకి ఆ నీలం కొత్త కాదు.

పొరబడ్డవాళ్ల సంగతీ చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టి చనిపోయిన పిల్లల వాయుకోశాల్లో గాజులాంటి పొర కనిపిస్తే, వాళ్ల ఊపిరాడని జబ్బుకి కారణం అదేననుకున్నారు. ‘హయలిన్ మెంబ్రేన్’ అని పేరూ పెట్టేశారు. అసలది దెబ్బ తగిలాక మిగిలిన గుర్తు. 1929లోనే ఫాన్ నీర్‌గార్డ్ ఊపిరితిత్తులని గాలితో కన్నా ద్రవంతో ఉబ్బించడం తేలికని చూపి, తలతన్యత మీదే వేలు పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఈ పిల్లల్లో సర్ఫాక్టెంట్ లోపముందని ఏవరీ, మీడ్ తేల్చేసరికి 1959 వచ్చింది.

ఇంత ముచ్చటైన ఎంజైమ్ పరీక్షని ఇప్పుడు అడిగేవాళ్లే లేరు. పొట్టలోకి సూది గుచ్చాలి మరి. తల్లికి స్టీరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని లిగ్గిన్స్, హౌవీ 1972లో చూపించారు. అందుకే డాక్టర్లు తొలి స్కాన్‌తో నెలలు లెక్కగట్టి, కాన్పు ముందే వచ్చేలా ఉంటే ఇంజక్షన్ ఇచ్చేస్తున్నారు. అమ్మాయికి అదే మేలు. ఉసూరుమనేది నాలాంటి ఎంజైమ్ పిచ్చివాళ్లే.