జాబితాలోని పేరు – పట్టికలోని వరుస

కృష్ణా జిల్లా మొవ్వ మండలములో కూచిపూడి కలదు. బాపట్ల జిల్లా అమృతలూరు మండలములో మరియొక కూచిపూడి కలదు. రెండింటను ఒకే సర్వే నంబరు ఉండవచ్చును. రైతు తన పొలపు అడంగలు చూడగోరినపుడు, అది ఏ కూచిపూడిదో కంప్యూటరునకు తెలియుట ఎట్లు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో నెలకొల్పిన 'మీభూమి' వెబ్‌సైటులో గ్రామము పేరు వ్రాయనక్కరలేదు. డ్రాప్‌డౌన్ జాబితాల నుండి జిల్లాను, పిదప మండలమును, పిదప గ్రామమును ఎన్నుకొనవలెను. మొవ్వను ఎన్నుకొన్నచో ఆ మండలపు గ్రామములే కనిపించును.

సాధారణముగా ఇట్టి జాబితాలో కంటికి కనబడునది పేరు; కంప్యూటరు గైకొనునది ఆ పేరునకు కేటాయించిన సంకేతసంఖ్య. ఒకరు మొవ్వ అనియు, వేరొకరు మువ్వ అనియు వ్రాసినను సంఖ్య మారదు. ఆ సంఖ్యతో పట్టికలో వెదకి, దొరకిన వరుసను ఫారములో చూపును. సమాచారముండునది పట్టికలోనే, ఫారము దానిని చూపు కిటికీ మాత్రమే. సమాచారమును పట్టికలుగా అమర్చి, ఉమ్మడి విలువలతో కలుపు పద్ధతిని 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను.

పాఠశాలలో మార్కుల పట్టికకు ఫారము తయారుచేయువారు ఒక మెలకువ పాటింపవలెను. వెదకుటకు పెట్టిన జాబితాను పట్టికలోని పేరు గడికి ముడివేయరాదు. ముడివేసినచో, రాముని వివరములు తెరమీద నుండగా జాబితాలో సీతను ఎన్నుకొన్నను సీత వివరములు రావు. రాముని పేరే సీతగా మారును; మార్కులు మాత్రము రామునివే. కావున వెదకు జాబితా వేరుగాను, దిద్దు గడి వేరుగాను ఉండవలెను.