డౌన్‌లోడు మందగించుట – కారణాన్వేషణము

బాపట్ల జిల్లాలోని జంపని గ్రామము కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినది. 1855లో విజయవాడయొద్ద పూర్తియైన ఆనకట్టయు, పిమ్మట 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజియు ఈ డెల్టా పొలములకు నీరందించినవి. పెద్ద కాలువనుండి పిల్లకాలువకు, దానినుండి బోదెకు, బోదెనుండి మడికి నీరు పారును. మడికి నీరు చాలనప్పుడు రైతు బ్యారేజిని నిందింపడు. పార చేతబట్టి గట్టువెంట నడచి, పూడిక యెచ్చట నున్నదో వెదకును.

ఇంటర్నెట్టునుండి బయటి హార్డు డిస్కులోనికి దిగు సమాచారము నిట్లే పెక్కు కాలువలు దాటి వచ్చును. దూరమందలి సర్వరు, వీధిలోని తీగ, ఇంటిలోని రౌటరు, వై-ఫై, కంప్యూటరు, యు.ఎస్.బి. తీగ, తుదకు డిస్కు. వీనిలో మిక్కిలి ఇరుకైన దాని వేగమే మొత్తము వేగము.

మొదట లెక్క సరిచూడవలెను. ఇంటర్నెట్టు వేగమును బిట్లలోను, ఫైలు పరిమాణమును బైట్లలోను చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షనులో 12.5 మెగాబైట్లకు మించి రావు. అది లోపము కాదు.

పిదప బయటి డిస్కును తొలగించి, ఒక ఫైలును కంప్యూటరు లోపలి డిస్కులోనికి దింపవలెను. అప్పుడును మందముగనే యున్నచో దోషము సర్వరునందో, కనెక్షనునందో, వై-ఫైయందో కలదు. రౌటరుకు తీగతో కలిపి చూచినచో వై-ఫై సంగతి తేలును. లోపలికి వేగముగ దిగినచో దోషము బయటి డిస్కు వైపున నున్నది.

2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 గరిష్ఠ వేగము సెకనుకు 480 మెగాబిట్లు. 2008లో వచ్చిన 3.0 వేగము 5 గిగాబిట్లు. క్రొత్త డిస్కును పాత రంధ్రమునకు తగిలించిన పాత వేగమే లభించును. అయినను 100 మెగాబిట్ల కనెక్షనుకు పాత రంధ్రము సైతము చాలును. గిగాబిట్టు కనెక్షను ఉన్నచో అది అడ్డగును.

మరి యితర కారణము లేవి? డిస్కులోని పళ్ళెములు గిరగిర తిరుగుచుండ, ఒక చిన్న శిరస్సు వానిపై వ్రాయును. పెక్కు ఫైలు లొకేసారి దింపినచో నది అటునిటు పరుగిడి అలసిన ఒంటి నాగలివలె వెనుకబడును. ఒకదాని తరువాత నొకటి దింపుట మేలు. ఇంకొక వింత గలదు. యు.ఎస్.బి. 3.0 పరికరములనుండి వెలువడు రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్జుల వై-ఫైని చెరచును. డిస్కును కంప్యూటరుకు కొంత దూరముగ నుంచినను, వై-ఫైని 5 గిగాహెర్ట్జులకు మార్చినను ఈ బాధ తగ్గును.

డిస్కు టక్కు టక్కుమని చప్పుడు చేయుచు దినదినము మందగించినచో ఆలస్యము తగదు. అందలి పాఠములను, కుటుంబ చిత్రములను వెంటనే వేరొక చోటికి చేర్చవలెను. వ్రాయుచుండగా తీగను లాగరాదు. లాగిన దిగినది గూడ చెడును.

ఒక్కసారి ఒక్కదానినే మార్చి పరీక్షించువాడు దోషమును కనుగొనును. అన్నియు నొకేసారి మార్చువాడు వ్యయపడును గాని, కారణ మెరుగడు.