దుఃఖానికి మందు: ఏథెన్సు నుంచి బాగ్దాదుకు

మరణం సంభవించిన ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు మన గోదావరి సీమలో మొదట వినిపించే మాట "ఊరుకో అమ్మా". ముస్లిముల ఇళ్ళలో దానికి "సబర్ చెయ్యి" అన్నది తోడవుతుంది. తణుకులోనూ, చుట్టుపట్ల పల్లెల్లోనూ ఎన్నో ఏళ్ళుగా ఈ మాటలు వింటూనే ఉన్నాము. అనేవారి మనసులో సానుభూతే ఉంటుంది. అయినా బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెవికి అది ఒక్కొక్కప్పుడు ఆజ్ఞలా తోస్తుంది. ఏడిస్తే విశ్వాసంలో లోటున్నట్లే అన్న భయం ఆమెను పట్టుకుంటుంది. సహనమంటే కన్నీరు లేకపోవడమేనా? ఇస్లాం ఆవిర్భావానికి తొమ్మిది వందల ఏళ్ళ పూర్వమే గ్రీకు తత్త్వవేత్తలు ఈ ప్రశ్నను తీవ్రంగా చర్చించారు. వారిలో స్టోయిక్కులు చెప్పిన జవాబు ముస్లిం పండితుల గ్రంథాలలోకి కూడా వచ్చి చేరింది. అందులో మనం స్వీకరించదగినదేదో, విడువవలసినదేదో తెలుసుకోవడం అవసరం.

సైప్రస్ ద్వీపానికి చెందిన జీనో అనే వర్తకుడు నావ మునిగి సరుకంతా పోగొట్టుకొని ఏథెన్సు చేరాడని సంప్రదాయ కథనం. క్రీ.పూ. 300 ప్రాంతంలో అతడు ఆ నగర కూడలిలో, గోడల మీద చిత్రాలున్న ఒక స్తంభాల వసారాలో పాఠం చెప్పసాగాడు. అటువంటి వసారాను గ్రీకులో 'స్టోవా' అంటారు. శిష్యులకు ఆ పేరే స్థిరపడింది. అరబ్బులు దానిని 'రివాక్' అని అనువదించి, వారిని 'రివాకియ్యూన్' అన్నారు. అల్ అజ్‌హర్‌లో చదివిన వారికి రివాక్ అన్న పదం సుపరిచితమే. తెలుగులో అయితే 'అరుగు మీది పంతుళ్ళు' అనవచ్చునేమో!

ప్లేటో అకాడమీ, అరిస్టాటిల్ లైసియం, ఎపిక్యూరస్ తోట, ఈ వసారా: ఆనాటి ఏథెన్సులో ప్రధానమైన విద్యాపీఠాలు ఇవే. వీటిలో సామాన్యుని జీవితానికి అత్యంత సమీపంగా వచ్చినది వసారాయేనని మా అభిప్రాయం. దాదాపు 500 ఏళ్ళు నిలిచిన ఈ సంప్రదాయంలో బానిసగా బ్రతికిన ఎపిక్టెటస్ ఉన్నాడు, క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమును ఏలిన మార్కస్ ఔరేలియస్ ఉన్నాడు. ఆ చక్రవర్తి ఈ బానిస బోధలు చదువుకున్నాడు. తన బిడ్డలలో ఎక్కువ మందిని పసితనంలోనే పాతిపెట్టుకున్నాడు కూడా.

వారి నీతి ఇది. సద్గుణమొక్కటే నిజమైన మేలు. ధనం, ఆరోగ్యం, కీర్తి ఉంటే మంచిదే గాని మనిషి మంచితనం వాటిలో లేదు. మన తలంపు, మన సంకల్పం మన చేతిలోనివి. తక్కినవేవీ మనవి కావు. డెల్టా రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. నారు, నీరు, గట్టు అతని చేతిలోనివి, కోతకొచ్చిన సార్వా చేను మీద పడే తుపాను కాదు. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలిన సంగతి ఎవరు మరువగలరు? ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (స) బోధ ఎరిగిన వారికి ఈ మాటలు పరాయివిగా తోచవు. అయితే స్టోయిక్కుల దైవం లోకమంతటా వ్యాపించిన హేతువే గాని, లోకానికి వేరైన సృష్టికర్త కాడు. ఈ భేదం చిన్నది కాదు.

తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో నివసించిన అల్ కిందీని 'అరబ్బుల తత్త్వవేత్త' అంటారు. దుఃఖాన్ని పారద్రోలే ఉపాయం చెప్పమని ఒక మిత్రుడు కోరగా ఆయన ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అందులో ఎపిక్టెటస్ చెప్పిన నావ ఉపమానాన్ని విస్తరించాడు. నావ ఒక దీవి వద్ద ఆగుతుంది. ప్రయాణికులు అవసరాలకై దిగుతారు. పని చూసుకొని వెంటనే వచ్చినవారికి విశాలమైన చోటు దొరుకుతుంది. పూలకు, పక్షుల పాటలకు పరవశించి ఆలస్యమైనవారు ఇరుకున సర్దుకుంటారు. గులకరాళ్ళు, గవ్వలు, పూలు మూటగట్టి తెచ్చినవారికి ఆ మూటలే శిక్ష: కూర్చోను చోటుండదు, పూలు వాడి కంపు కొడతాయి, చివరకు సముద్రంలో పారవేయవలసిందే. మరికొందరు అడవిలో లోలోపలికి పోతారు. నావికుని పిలుపు వారికి వినబడదు; నావ సాగిపోతుంది. ఇహలోకాన్ని బాటసారి మజిలీగా ఎంచే విశ్వాసికి ఇంతకన్న చక్కని దృష్టాంతం దొరకడం అరుదు. విచిత్రమేమంటే, ఇది వ్రాసిన అల్ కిందీ గ్రంథాలయాన్నే ప్రత్యర్థులు స్వాధీనం చేసుకున్నారనీ, తరువాత అది తిరిగి ఆయనకు దక్కిందనీ చరిత్రకారులు చెబుతారు.

అల్ కిందీ మాటలను మిస్కవైహ్ తన నీతి గ్రంథంలో ఉదాహరించాడు. దాని ఆధారంగా నసీరుద్దీన్ తూసీ 1235 ప్రాంతంలో పారసీలో 'అఖ్లాఖె నాసిరీ' రచించాడు. అక్బరుకు చదివి వినిపించిన పుస్తకాలలో అదొకటి. హిందూస్థానంలో పారసీ నేర్చినవారికి తరతరాలుగా అది పాఠ్యగ్రంథం. అరుగు మీది పంతుళ్ళ పాఠం ఆ విధంగా మన దేశపు చదువులలోకి ప్రవేశించింది.

మన వద్ద ఉన్నవన్నీ ఎరువు సొమ్ములే, ఇచ్చినవాడు అడిగినప్పుడు ముఖం చిన్నబుచ్చుకోరాదన్నది అల్ కిందీ చెప్పిన మరొక మాట. ఎపిక్టెటస్ చెప్పినదీ అదే. కాని ఏ గ్రీకు గ్రంథమూ చదువని ఒక మదీనా ఇల్లాలు అల్ కిందీకి రెండు శతాబ్దాల ముందే ఈ మాట అన్నది. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) బిడ్డ, భర్త ఇంట లేని సమయంలో మరణించాడు. ఆమె భర్తకు భోజనం పెట్టి, సేదతీరనిచ్చి, ఆ తరువాత అడిగింది: ఒకరు ఎరువిచ్చిన వస్తువును తిరిగి అడిగితే కాదనవచ్చునా అని. కాదనరాదన్నాడాయన. అప్పుడు బిడ్డ సంగతి చెప్పింది. ముందే చెప్పలేదని ఆయన నొచ్చుకున్నాడు. దైవప్రవక్త (స) మాత్రం ఆ దంపతుల కోసం శుభం కోరి ప్రార్థించారు. గమనించండి, ఆ నిబ్బరం ఆమె తనకు తాను తెచ్చుకున్నది. పరామర్శకు వచ్చినవారు ఆమెపై మోపినది కాదు.

స్టోయిక్కుల నుంచి మనం విడిపోయేది ఇక్కడే. అదుపు తప్పిన ఉద్వేగాలు నాలుగని వారు లెక్కించారు: కోరిక, భయం, సుఖోద్రేకం, దుఃఖం. జ్ఞానిలో కోరికకు బదులు సదాశయం, భయానికి బదులు జాగరూకత, సుఖోద్రేకానికి బదులు నిర్మలానందం ఉంటాయన్నారు. దుఃఖానికి బదులు మాత్రం ఏమీ లేదు. మంచి దుఃఖమంటూ ఒకటి ఉండదన్నమాట! రోమన్ రచయిత సెనెకా అప్రయత్నంగా జారే కన్నీటిని తప్పుపట్టలేదు. ఏడ్చేవానితో కలిసి పైకి నిట్టూర్చినా ఫరవాలేదు, లోపల మాత్రం నిట్టూర్చవద్దని ఎపిక్టెటస్ ఉపదేశం.

మరి హజ్రత్ యాఖూబ్ (అలైహి) మాటేమిటి? చక్కని సహనాన్ని అవలంబిస్తానన్న ఆ ప్రవక్తే యూసుఫ్ (అలైహి) కోసం దుఃఖించి దుఃఖించి చూపు కోల్పోయారని ఖురాన్ తెలుపుతున్నది. తన వేదనను అల్లాహ్‌తోనే మొరపెట్టుకున్నారు. ఆయన సహనం, ఆయన కన్నీరు ఒకే హృదయంలో ఉన్నాయి. పసివాడైన ఇబ్రాహీం ప్రాణం విడుస్తున్నప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. "మీరు కూడానా?" అని ఒక సహచరుడు ఆశ్చర్యపోగా, ఇది కారుణ్యమని వివరించారు. గుండెలు బాదుకోవడాన్ని, బట్టలు చింపుకోవడాన్ని, శోకాలు పెట్టడాన్ని వారించినదీ ఆయనే. హద్దు అక్కడ గీశారు గాని కంటి వద్ద కాదు.

కనుక ఎపిక్టెటస్‌ను, అల్ కిందీని చదవవలసినది ఇంట అందరూ క్షేమంగా ఉన్న రోజుల్లో, ఎవరికి వారు. శోకంలో ఉన్నవారికి ఆ పుటలు వినిపించే వేళ అది కాదు. హిజ్రీ 8వ ఏట ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరుడైన వార్త మదీనా చేరినప్పుడు, ఆ ఇంటివారిని ముంచెత్తే కష్టం వచ్చింది గనుక వారికోసం అన్నం వండి పంపండని దైవప్రవక్త (స) ఆదేశించారు.